గవ్వలవాగు దగ్గర ఆగని బస్సు

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే హైవే మీద, గవ్వలవాగు వంతెన దాటగానే ఎడమ పక్కన ఒక బస్ షెల్టర్ ఉంది. పొద్దు గుంకాక అక్కడ ఎవరూ నిలబడరు.

నిలబడితే ఏమవుతుంది అని అడక్కూడదు. అడిగినా చెప్పరు. గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "ఆ షెల్టర్ మంచిది కాదు..." అంటారు. అంతే. టీ గ్లాసు కింద పెట్టేసి లేచిపోతారు.

ఎప్పటినుంచి మంచిది కాదంటే, "మా తాతల నాటినుంచి" అంటారు. ఆ షెల్టర్ కట్టింది హైవే వెడల్పు చేసినప్పుడు. దాని గోడ మీద ప్రారంభించిన నాయకుడి పేరింకా చెరిగిపోలేదు. తాతల నాటి దెయ్యం, తన కోసం షెల్టర్ ఎప్పుడు కడతారా అని ఇన్నేళ్ళూ ఓపిగ్గా కాచుకుని కూర్చుందన్నమాట. మన దగ్గర రోడ్డు పక్కన అంత ఓపిగ్గా ఎదురుచూడగలిగేది ఇద్దరే. ఒకటి దెయ్యం. రెండు, ఉద్యోగం చేసే ఆడపిల్ల.

రాగసుధ రెండో రకం. అప్పటికింకా.

జగ్గయ్యపేట పిల్ల. డిగ్రీ అయ్యాక, దసరా వెళ్ళగానే, ఆ వాగు పక్కనున్న జిన్నింగ్ మిల్లులో చేరింది. రైతులు తెచ్చిన పత్తిలో తేమ ఎంతుందో మీటరు పెట్టి చూడటం పని. పని బాగుంది. జీతం బాగానే ఉంది. బాగోనిదల్లా ఒక్కటే... సాయంత్రం.

మిల్లు విజిలేసేసరికి చీకటి. మిగతా ఆడవాళ్ళందరూ నందిగామ వైపు ఊళ్ళవాళ్ళు. ట్రాక్టరెక్కి గలగలా నవ్వుకుంటూ పోతారు. జగ్గయ్యపేట వైపు పోయేది రాగసుధ ఒక్కతే. ఆటోలు పొద్దుతోనే బంద్. మిగిలింది బస్సు.

ఆడవాళ్ళకి ఇప్పుడు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కాకపోతే ఆ ఉచితంలో బస్సు ఆగడం కలవలేదు.

మొదటివారం ఒకటో రెండో పోయేవి, మూడోది ఆగేది. మామూలే అనుకుంది. కార్తీకం దాటి మంచు మొదలయ్యాక — ఏదీ ఆగడం మానేసింది. దూరంగా దీపాలు కనిపించేవి. రాగసుధ చెయ్యెత్తేది. బస్సు నెమ్మదించేది కూడా... ఇంక ఆగుతుందనగా, ఉన్నట్టుండి లోపలి దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయేవి. పొడుగ్గా హారన్. తర్వాత ఎవరో తరుముతున్నట్టు దూసుకుపోయేది.

చివరికి ఏ లారీనో బతిమాలి, చిల్లకల్లు దాకా వచ్చి, అక్కడినుంచి ఎవరి బండో పట్టుకుని ఇల్లు చేరేసరికి వాళ్ళ నాన్న గేటుకి గొళ్ళెం పెట్టేసేవాడు.

కుటుంబరావుగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర ప్రతి సమస్యకీ ఒక సూత్రం ఉంటుంది.

"హైవే మీద నిమిషానికో బస్సు పోతుంది. నేనే నిలబడి చూసా. నీకొక్కదానికే దొరకదా?"

"పోతున్నాయి నాన్నా. ఆగట్లేదు."

"ఎందుకాగవు? వాళ్ళకి జీతం ఇచ్చేదే ఆపడానికి కదా?"

ఈ ప్రశ్నకు జవాబు తెలిసిన మానవుడు భూమ్మీద ఇంకా పుట్టలేదు.

"పోనీ స్కూటీ కొనుక్కుంటా."

"హైవే మీద స్కూటీయా! లారీల కింద పడతావా? బస్సే సేఫ్."

నిజమే. ఎక్కని బస్సంత సేఫ్ ఇంకేముంటుంది?

వాళ్ళమ్మ ప్రసూనాంబ మధ్యలో కల్పించుకుని, "ముందా తల దులుపుకో, ఇల్లంతా దూది చేస్తున్నావ్" అని వాకిట్లోకి తోసేది. జిన్నింగ్ మిల్లులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటే, ఎంత చున్నీ చుట్టుకున్నా పత్తి నూగు వెతుక్కుంటూ వచ్చి జుట్టులో కాపురం పెడుతుంది. మిల్లులో అద్దం లేదు. ఉన్నా, విజిలయ్యాక బస్సు కోసం పరిగెత్తే మనిషి అద్దంలో ఎప్పుడు చూసుకుంటుంది?

శుక్రవారం రాత్రి కుటుంబరావుగారు తీర్పు చెప్పేశారు. "ఇంకొక్క రోజు. ఇంకొక్క రోజు గొళ్ళెం పెట్టాక వచ్చావా... ఆ రోజుతో మిల్లు ఆఖరు. ఇంట్లో కూర్చుని బ్యాంకు పరీక్షలు రాసుకో. ఆ చీకట్లో నిజంగా ఏం చేస్తున్నావో నాకేం తెలుసు?"

ఆఖరి మాట దగ్గర రాగసుధకి ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తోందా? దోమలకి భోజనం పెడుతోంది. తన డబ్బు, తన పని, తన పొద్దు — అన్నీ ఇప్పుడు ఒక బస్సు బ్రేకు మీద ఆధారపడి ఉన్నాయి. వాదించి గెలవాల్సింది నాన్నతో కాదు, బస్సుతో.

శనివారం మధ్యాహ్నం అన్నాలప్పుడు, మిల్లులో దూది ఊడ్చే సౌభాగ్యమ్మతో ఈ గోడంతా చెప్పుకుంది. సౌభాగ్యమ్మ ముద్ద నోటి దగ్గరే ఆపింది.

"నువ్వు... ఆ షెల్టర్‌లోనా నిలబడేది?"

"ఇంకెక్కడ నిలబడను?"

"వద్దమ్మా. అక్కడ ఉంది."

"ఏముంది?"

"చీకటి పడే వేళ పేరెత్తకూడదు..."

"ఇప్పుడు మధ్యాహ్నం కదే సౌభాగ్యక్కా!"

"అయినా సరే." అని, తనకి తోచిన సాయం తను చేసింది. "ముదురు రంగులేసుకుంటే డ్రైవర్‌కి ఏం కనపడతావ్? నీకు తెల్లవి కట్టుకోమని ఎప్పుడో చెప్పా కదా."

"అప్పటినుంచీ తెల్లవేగా వేసుకుంటున్నా. ఫోన్ లైటు కూడా మొహం మీద వేసుకుంటున్నా, మనిషున్నట్టు తెలియాలని. అయినా ఆపరు!"

"అయితే ఇంక ఆ దేవుడే దిక్కు" అని సౌభాగ్యమ్మ చెయ్యి కడుక్కుంది.

ఆ సాయంత్రం మంచు తొందరగా దిగింది. ట్రాక్టర్ చప్పుడు నందిగామ వైపు దూరమై... దూరమై... ఆగిపోయింది. వాగు మీద నుంచి చలిగాలి. షెల్టర్‌లో బెంచీ ఒక కాలు విరిగి పక్కకి ఒరిగి ఉంది. దాని కింద రెండు నిమ్మకాయలు.

రాగసుధ వంగి తీసి సంచిలో వేసుకుంది. ఇది కొత్తేం కాదు. నెలరోజులుగా రోజూ ఇక్కడ ఒకటో రెండో నిమ్మకాయలు దొరుకుతున్నాయి. మార్కెట్‌కి వెళ్ళే లోడుల్లోంచి జారిపడుతున్నాయని ఆమె లెక్క. కండపట్టిన కాయలు, పారేయడానికి మనసెలా ఒప్పుతుంది? ప్రసూనాంబ ఒక జాడీ ఊరగాయ పెట్టింది. పోయిన ఆదివారం పులిహోర చేస్తే కుటుంబరావుగారు రెండోసారి వడ్డించుకుని, "పులుపు భలే కుదిరింది" అన్నారు కూడా.

మొదటి బస్సు దీపాలు. చెయ్యెత్తింది. ఫోన్ లైటు మొహం మీద వేసుకుంది. బస్సు దగ్గరికొచ్చింది...

లోపలి దీపాలు ఆరిపోయాయి. పొడుగ్గా హారన్. పోయింది.

రెండోది. అంతే.

మూడోదానికి రోడ్డు అంచు దాకా పరిగెత్తింది. ఈసారి కిటికీల్లో మొహాలు కనిపించాయి. తననే చూస్తున్నాయి... కాదు. ఆ కళ్ళలో ఉన్నది విసుగు కాదు, భయం. కిటికీ పక్కన ఒకావిడ చేతులు జోడించి కళ్ళు మూసేసుకుంది.

తనని చూసి ఎవరైనా దణ్ణం పెడతారా?

అయితే వాళ్ళు చూస్తున్నది తనని కాదు. తన వెనక దేన్నో.

దెయ్యాలున్నాయని నమ్మడానికి ఆధారం లేదని తను కాలేజీ డిబేట్లలో స్టేజీ ఎక్కి ఎన్నిసార్లు బల్లగుద్ది చెప్పలేదు? కప్పు కూడా గెలిచింది. కానీ స్టేజీ మీద ట్యూబులైట్లుంటాయి. చుట్టూ జనం ఉంటారు. వెనక గోడ ఉంటుంది.

ఇక్కడ వెనక... చీకటి.

తిరిగి చూడకూడదు అనుకుంది. చూసింది. ఒరిగిన బెంచీ. గోడ మీద నాయకుడి పేరు. మంచు. ఆ మంచులో ఏదో కదిలినట్టు... మెల్లగా... గంట మోగినట్టు...

ఇంతలో నాలుగో బస్సు. రాగసుధకి భయం, కోపం, చలి, వాళ్ళ నాన్న పెట్టబోయే గొళ్ళెం అన్నీ కలిసి ఒక్క గొంతులోకి వచ్చాయి. రెండు చేతులూ పైకెత్తి రోడ్డుకడ్డంగా ఉరికింది.

"స్టాప్! ఐ సే స్టాప్! షేమ్ ఆన్ యూ!"

కాలేజీ పోటీల అలవాటు. కోపం నెత్తికెక్కితే ఇంగ్లీషే వస్తుంది. రోజూ బస్సుల వెంటపడి అరిచేదీ ఇందులోనే.

డ్రైవర్ స్టీరింగ్ ఒక్క కట్ కొట్టి, ఆమెని తప్పించి, ముందుకు పోయి — కీచుమని ఆగిపోయాడు. మర్యాద కొద్దీ కాదు. మంచులోంచి గంటలు మోగించుకుంటూ వచ్చింది గొర్రెల మంద. హైవే అంచు నుంచి అంచు దాకా పరుచుకుని, తీరిగ్గా, ఎవరి జీతమూ తీసుకోకుండా బస్సు ఆపేసింది.

రాగసుధ పరిగెత్తింది. వెనక తలుపు తెరిచే ఉంది. ఎక్కేసి, ఆఖరి సీట్లో కూలబడి, చలికి చున్నీ తలమీదుగా కప్పుకుంది. లోపల చిమ్మచీకటి. ఎవరూ మాట్లాడటం లేదు. కండక్టర్ ముందు సీటు పట్టుకుని నిలబడి, వెనక్కి తల తిప్పకుండా ఏదో గొణుగుతున్నాడు. ఆంజనేయ దండకం లాగుంది.

గొర్రెలు దాటాయి. బస్సు బాణంలా లేచింది.

"అమ్మయ్య... గండం గడిచింది" అంది పక్క సీట్లోంచి ఒక ముసలి గొంతు. "నేను బసవమ్మను బిడ్డా. గరికపాడు పోతున్నా. నువ్వేడ ఎక్కినవ్, చూడలే?"

"ఇందాకే అవ్వా. బస్సులో దీపాలేంటి, తీసేశారు?"

"నీకు తెల్వదా!" బసవమ్మ దగ్గరికి జరిగి, చెవిలో ఊదినట్టు చెప్పింది. "గవ్వలవాగు షెల్టర్ కాడ ఒకత్తి ఉంటది. బస్సు లోపల దీపం కనపడితే ఎక్కొస్తదంట. అందుకే ఆర్పుతరు."

రాగసుధ చున్నీ ఇంకా దగ్గరికి లాక్కుంది. అయితే నిజమే. తన వెనక ఉన్నది...

"ఎలా ఉంటుంది?"

"తెల్ల బట్టలు. జుట్టు కూడా తెల్లగా, దూది పింజ లెక్క. ముసల్దా అంటే కాదు, మొహం పడుచుదే. ఆ మొహం ఒక్కటే చీకట్లో తెల్లగా వెలుగుతుంటది బిడ్డా... మెడ కింద ఏం ఉండదు!"

రాగసుధ చేతిలో ఫోన్ మెల్లగా ఒళ్ళోకి జారింది.

"చెయ్యెత్తి పిలుస్తది. పోకపోతే ఎంబడి ఉరుకుతది. అరుస్తది కూడా."

"...ఏమని?"

"ఎవలకి తెలుసు? తెలుగు కాదంట. ఇంగిలీషంట." బసవమ్మ నిట్టూర్చింది. "చదువుకున్న పిల్లేమో పాపం. బస్సు కోసం చూసీ చూసీ పానం పోయిందంట."

ఆ పానం పోవడానికి కారణం ఎవరో ఆ కథలో ఎక్కడా లేదు. కథ పుట్టించింది డ్రైవర్లు కదా మరి.

"ఇది ఎన్నేళ్ళ నుంచి అవ్వా?"

"తాతల నాటిది అంటరు. నేనైతే దసరా పోయినాకనే విన్నా."

దసరా పోయినాక. రాగసుధ మిల్లులో చేరింది దసరా పోయినాక.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెలరోజులుగా రోడ్డు మీద ఒళ్ళు దాచుకోకుండా తనే ఒక పురాణం తయారుచేసింది. కనపడాలని తెల్లవి వేసుకుంది, అందుకు దెయ్యమైంది. మనిషని తెలియాలని మొహానికి లైటు వేసుకుంది, అందుకు మెడ కింద ఏమీ లేనిదైంది. హక్కు అడిగింది. అందుకు వాళ్ళు—

"డ్రైవరు మాత్రం ఏం తక్కువోడు కాదులే" అంది బసవమ్మ. "ప్రతోడూ నిమ్మకాయ పెట్టుకుంటడు. స్టీరింగ్‌కి మూడుసార్లు తిప్పి కిటికీల నుంచి ఇసిరేస్తడు. ఆ కాయ తీసుకుని అది ఎంబడి రాదంట."

"నిమ్మకాయా?" రాగసుధ గొంతు కీచుమంది.

"ఆఁ. రోజూ రాత్రయ్యేసరికి కాయలు మాయమంట! దెయ్యం తినకపోతే ఎవరు తింటరు?"

కుటుంబరావుగారు తిన్నారు. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు.

చెప్పేద్దామనుకుంది. "అవ్వా, ఆ దెయ్యాన్ని నేనే. కుటుంబరావు మాస్టారి అమ్మాయిని" అని నోరు తెరవబోయింది. ఇంతలో చిల్లకల్లు టోల్ గేటు వచ్చింది. నెత్తి మీద పెద్ద పెద్ద దీపాలు. ఆ వెలుతురు కిటికీల్లోంచి ఒక్కో సీటూ తడుముకుంటూ... వెనక్కి... ఇంకా వెనక్కి... వచ్చింది.

అదే క్షణాన చున్నీ జారిపోయింది.

బసవమ్మ చూసింది. తెల్లబట్టలు చూసింది. దూది పింజ జుట్టు చూసింది. పడుచు మొహం చూసింది. మూటా ముల్లే సీట్లోనే వదిలేసి, వంగుని వంగుని ముందుకు పోయింది.

గుసగుస ఒక సీటు నుంచి ఇంకో సీటుకి పాకింది. ఒక్కొక్కరే లేచారు. వెనక్కి తిరక్కుండా, చప్పుడు చెయ్యకుండా, సగం బస్సు జనం ముందు సగంలో ఇరుక్కున్నారు. పుట్టి బుద్ధెరిగాక రాగసుధకి బస్సులో కాళ్ళు చాపుకునే చోటు దొరకడం అదే మొదలు. ఆధార్ కార్డు చూపించమని కూడా ఎవరూ అడగలేదు.

జగ్గయ్యపేట బైపాస్ దగ్గరికొస్తుండగా కండక్టర్, అద్దంలోకి కూడా చూడకుండా, రోజూ చెప్పే పాఠం వణుకుతూ చెప్పాడు. "పేట... పేటవాళ్ళు... బైపాస్‌లో దిగాలి. బస్సు ఊళ్ళోకి పోదు."

బైపాస్ నుంచి ఇంటికి నడవాలి. నడిస్తే గొళ్ళెం పడుతుంది. గొళ్ళెం పడితే మిల్లు ఆఖరు.

రాగసుధ ఒక్క నిమిషం ఆలోచించింది. నిజం చెప్పే అవకాశం ఇదే. తర్వాత ఫోన్ లైటు వేసి, గడ్డం కింద పెట్టుకుని, వీలైనంత మెల్లగా అంది:

"ఊళ్ళోకి... పోనీ."

పోయింది. సెంటర్‌లోకి పోయింది. బస్సన్నది పుట్టాక ఎన్నడూ తిరగని సందు మలుపు తిరిగి, ఆమె చెయ్యి చూపించిన చోట ఆగింది. దిగగానే రివర్స్‌లోనే పారిపోయింది.

గేటు దగ్గర కుటుంబరావుగారు గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. వాచీ చూసుకున్నారు. కూతుర్ని చూశారు. సందు చివర బస్సు దీపాల్ని చూశారు.

"చూశావా? ఆపాలనుకుంటే ఇంటి ముందే ఆపుతారు. నువ్వే సరిగ్గా అడగట్లేదు."

"అవును నాన్నా. అడిగే పద్ధతి తెలిసింది."

"సోమవారం కూడా ఇలాగే రావాలి. ఒక్క రోజు మురిపెం కాదు."

లోపల్నుంచి ప్రసూనాంబ, "నిమ్మకాయలు అయిపోయాయే, దొరికాయా?" అంది. రాగసుధ సంచి విప్పి, రెండు కాయలూ తీసి అమ్మ చేతిలో పెట్టింది.

ఆదివారమంతా ఆలోచించింది. ఎన్నాళ్ళని దెయ్యంగా తిరుగుతుంది? తర్కం ప్రకారం పోతే సమస్యే లేదు. దెయ్యమనుకున్నారు, కాబట్టి ఆపలేదు. మనిషని తెలిస్తే ఆపుతారు. స్టేజీ మీద ఈ వాదానికి ఎదురు లేదు.

సోమవారం తలకి నూనె రాసి బిగించి జడ వేసుకుంది. ఎర్ర చుడీదారు తొడుక్కుంది. మిల్లులో సౌభాగ్యమ్మ కొత్త కబురు చెప్పింది. "విన్నావా? శనివారం అది బస్సే ఎక్కిందంట! ఆపకపోతే తనే ఎక్కొస్తుందట. కండక్టర్‌కి జ్వరం. ఇకనుంచి అది చెయ్యెత్తితే ఆపెయ్యడమే మంచిదనుకుంటున్నారంట డ్రైవర్లందరూ..."

రాగసుధ నవ్వేసింది. విజిలయ్యాక నూగంతా దులుపుకుని, మొహం కడుక్కుని, శుభ్రంగా, మర్యాదగా, పూర్తిగా మనిషిలా షెల్టర్ ముందు నిలబడి చెయ్యెత్తింది.

బస్సు వచ్చింది. దీపాలు ఆరలేదు. హారన్ మోగలేదు. నెమ్మదించింది కూడా. డ్రైవర్ ఆమెని పైనుంచి కింద దాకా చూశాడు — మామూలు ఆడపిల్ల, ఉచిత టిక్కెట్టు — చూసి, ఊపిరి పీల్చుకుని, చేత్తో వెనక్కి చూపించాడు.

"వెనక ఖాళీది వస్తోంది!"

పోయింది.

ఒక్క నిమ్మకాయ కూడా పడలేదు.

రాగసుధ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. వాగు మీద నుంచి చలిగాలి వీచింది. జగ్గయ్యపేటలో ఆ వేళకి వాళ్ళ నాన్న గేటు వైపు నడుస్తూ ఉంటాడు.

మెల్లగా జడ విప్పింది. మిల్లు గోడ వారగా కంచెకి పట్టుకున్న దూది గుప్పెళ్ళతో తీసి జుట్టంతా పులుముకుంది. సంచిలోంచి మిల్లులో తలకి చుట్టుకునే తెల్ల చున్నీ తీసి ఒళ్ళంతా చుట్టుకుంది. ఫోన్ లైటు గడ్డం కింద పెట్టుకుంది. షెల్టర్‌లోకి కాదు, రోడ్డు మధ్యకి నడిచి నిలబడింది.

మంచులో దూరంగా రెండు దీపాలు. దగ్గరికొచ్చాయి... ఇంకా దగ్గరికి...

బస్సు ఆగింది.

తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి వణికే చెయ్యి ఒకటి బయటికొచ్చింది. అందులో నిమ్మకాయ. రాగసుధ తీసుకుని, చూసి, సంచిలో వేసుకుంది. మంచి రసం ఉన్న కాయ.

"ఎక్కడికి... తల్లీ?" అంది కండక్టర్ గొంతు.

"జగ్గయ్యపేట" అంది రాగసుధ. "ఊళ్ళోకి."